ఇంజిన్ ‘మేట్ 9’ అంటే ఎంతవరకు నమ్మాలి? ఒక మేట్ సాల్వర్ ప్రాజెక్టు డైరీ

చెస్ ఇంజిన్‌కి ఒక పొజిషన్ ఇస్తే ‘మేట్ 9’ అంటుంది, అంటే తొమ్మిది ఎత్తుల్లో మేట్ అని. కాసేపు వదిలేస్తే ‘మేట్ 7’ అవుతుంది, ఇంకాసేపటికి ‘మేట్ 6’. అప్పుడు తొమ్మిది తప్పా? ఆరు చివరి మాటేనా? దీన్ని తేల్చుకోవడానికి పైథాన్‌లో చిన్న మేట్ సాల్వర్ రాసి, దాని జవాబులను స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ జవాబులతో పోల్చుతున్నాను. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలియాలని ఈ డైరీ.

వాడినవి: పైథాన్, పైథాన్-చెస్ లైబ్రరీ, స్టాక్‌ఫిష్, కాగితం, పెన్ను. చివరి రెండూ ఊరికే రాయలేదు. ప్రోగ్రాం ఇచ్చే ప్రతి అంకె చేత్తో లెక్కపెట్టిన దానితోనో, అందరికీ తెలిసిన విలువతోనో సరిపోవాలి. సరిపోతే ‘సరి’ ఖాతాలోకి, లేకపోతే ‘బాకీ’లోకి.

దశ 1: మేట్ అని తీర్పు చెప్పే భాగం

ముందుగా చూడాల్సింది, చెల్లే ఎత్తులన్నీ సరిగ్గా పుడుతున్నాయా అని. ఆట మొదలయ్యే పొజిషన్ నుంచి ఒక్కో ప్లై, అంటే ఒక్కో వైపు వేసే ఒక్కో ఎత్తు, లోతు పెంచుతూ పోతే రావలసిన లెక్కలు ఇవి: 20, 400, 8,902, 1,97,281, 48,65,609. ఇవి వచ్చేశాయని చేతులు దులుపుకోకూడదు. ఇంత తక్కువ లోతులో కోట కట్టడం, బంటు ప్రమోషన్ లాంటివి అసలు పరీక్షకే రావు. అందుకే కివిపీట్ అని పేరున్న పొజిషన్‌ని కూడా నడపాలి. అక్కడ 48, 2,039, 97,862, 40,85,603 రావాలి.

ఎత్తులు సరిపోయినంత మాత్రాన మేట్ తీర్పు సరిగ్గా ఉందని కాదు. ఎన్ని ఆకుల్లో, అంటే ఎత్తుల చెట్టులో కొమ్మలు ముగిసే ఎన్ని పొజిషన్లలో, మేట్ పడిందో విడిగా లెక్కపెట్టించాను. మొదటి పొజిషన్ నుంచి 4 ప్లైల దగ్గర 8 మేట్లు, 5 ప్లైల దగ్గర 347. ఈ 8 చేత్తో తేలిపోతుంది. తెల్ల ఎఫ్ బంటు ఒక గడైనా రెండు గడులైనా కదలొచ్చు (2 దారులు). దానికంటే ముందు జి4 రావచ్చు, తర్వాతైనా రావచ్చు (2). నల్ల ఈ బంటు ఒక గడి లేదా రెండు గడులు (2). ఆ పైన మంత్రి హెచ్4కి వచ్చి మేట్. 2×2×2 = 8.

సరి: 4. బాకీ: 0.

దశ 2: ముడి సెర్చ్

1. దాడి చేసే వైపు వంతు వస్తే, ఒక్క ఎత్తు పనిచేసినా చాలు.
2. కాచుకునే వైపు వంతు వస్తే, దాని ప్రతి ఎత్తుకీ మేట్ ఉండాలి.
3. ‘1 ఎత్తులో మేట్ ఉందా?’ అని మొదలుపెట్టి 2, 3 అంటూ పెంచుకుంటూ పోవాలి.

రెండో నియమాన్ని పైథాన్‌లో ‘ఆల్’ ఫంక్షన్‌తో ఒక్క లైనులో రాసేయొచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, గొయ్యి కూడా అక్కడే ఉంది. ఖాళీ జాబితా ఇస్తే ‘ఆల్’ నిజమనే అంటుంది. నల్ల రాజు ఏ8లో ఒంటరిగా ఉన్నాడు, తెల్ల మంత్రి బి6కి వచ్చింది, తెల్ల రాజు ఎక్కడో దూరంగా ఉన్నాడు. నల్లకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. అది స్టేల్‌మేట్, డ్రా. సాల్వర్ మాత్రం దాన్ని ‘1 ఎత్తులో మేట్’ అని రాసింది. కాచుకునే వైపుకి ఎత్తులే లేకపోతే ముందు చెక్ ఉందో లేదో చూడాలి, ఆ తర్వాతే ‘ఆల్’ దాకా వెళ్లాలి. ఈ పొజిషన్‌ని శాశ్వత పరీక్షగా పెట్టుకున్నాను.

రెండో పరీక్ష పొజిషన్:

తెల్ల: రాజు హెచ్1, మంత్రి సి4, గుర్రం ఎఫ్7, బంట్లు జి2, హెచ్2.
నల్ల: రాజు జి8, ఏనుగు ఏ8, బంట్లు జి7, హెచ్7.
ఎత్తు తెల్లది.

గుర్రం హెచ్6కి వెళ్తే డబుల్ చెక్. నల్లకి రెండే దారులు. రాజు ఎఫ్8కి వెళ్తే మంత్రి ఎఫ్7లో మేట్. హెచ్8కి వెళ్తే మంత్రి జి8కి దూకుతుంది, ఏనుగు కొట్టక తప్పదు, గుర్రం మళ్లీ ఎఫ్7కి వచ్చి మేట్. సొంత బలగం మధ్యే రాజు ఊపిరాడక చచ్చే పాత మేట్ ఇది. సాల్వర్ 3 అంది, సరిపోయింది.

ఇక్కడ రాసిపెట్టుకోవలసిన కొలత ఇంకొకటి ఉంది. ఈ పొజిషన్‌లో తెల్లకి చెల్లే ఎత్తులు 34: మంత్రివి 23, గుర్రానివి 6, బంట్లవి 4, రాజుది 1. వాటిలో చెక్ ఇచ్చేవి 7. గెలుపు దారిని నిరూపించే చెట్టుకి మాత్రం ఆకులు రెండే. 34కీ 2కీ మధ్య ఉన్న ఈ దూరంతో 5వ దశలో పని పడింది.

సరి: 6. బాకీ: 0.

దశ 3: స్కోరు అంకెలు

ఇంజిన్ లోపల మేట్ ఒక పెద్ద స్కోరు. స్టాక్‌ఫిష్‌లో ఆ మూల విలువ 32,000. దానిలోంచి మేట్ పడే ప్లై సంఖ్య తీసేస్తారు. పై పొజిషన్‌లో మేట్ 5 ప్లైల దూరం, కాబట్టి స్కోరు 31,995. బయటికి చెప్పేటప్పుడు ప్లైలను ఎత్తుల్లోకి మారుస్తుంది: (5+1)/2 = 3. గుర్రం హెచ్6కి వెళ్లాక నల్ల వంతు. దానికి మేట్ 4 ప్లైల దూరం, స్కోరు −31,996, బయటికి కనిపించేది ‘మేట్ −2’. ఒక్క ప్లై గడిస్తే 3 కాస్తా −2 అయిందేమిటని కంగారు పడక్కర్లేదు. గుర్తు మారింది వంతు మారినందుకు, అంకె తగ్గింది తెల్ల ఎత్తు ఒకటి ఖర్చయినందుకు. పైథాన్-చెస్‌లో స్కోరు ఎవరి వైపు నుంచి చదువుతున్నారో స్పష్టంగా అడగండి. మొత్తం తెల్ల వైపు నుంచే చదివితే సగం తలనొప్పి పోతుంది.

అసలు గండం ట్రాన్స్‌పోజిషన్ టేబుల్, అంటే ఒకసారి చూసిన పొజిషన్ ఫలితాన్ని దాచుకునే పట్టిక. 2వ ప్లైలో ఒక పొజిషన్‌కి 31,995 వచ్చిందనుకోండి. అంటే అక్కడి నుంచి మేట్ 3 ప్లైలు. అదే పొజిషన్ ఇంకో దారిలో 4వ ప్లైలో ఎదురైనప్పుడు 31,995ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ‘ఇంకొక్క ప్లైలో మేట్’ అన్నట్టు అవుతుంది. రావలసింది 31,993. బయటికి కనిపించే లక్షణం ఏమిటంటే, ప్రోగ్రాం ప్రతి వంతులోనూ మేట్ దగ్గర్లోనే ఉందంటుంది, ఎప్పటికీ వెయ్యదు. మందు ఇది:

1. దాచేటప్పుడు ప్రస్తుత ప్లై కలపాలి: 31,995 + 2 = 31,997.
2. తీసేటప్పుడు ప్రస్తుత ప్లై తీసెయ్యాలి: 31,997 − 4 = 31,993.
3. ఓడిపోయే వైపు స్కోర్లకు కూడికా తీసివేతా తారుమారు చెయ్యాలి.

సరి: 7. బాకీ: 0.

దశ 4: చెక్‌లు మాత్రమే చూస్తే?

సగటున ఒక్కో వంతుకి 35 ఎత్తులనుకుంటే, 3 ఎత్తుల మేట్‌కి అయిదు ప్లైలు, 35ని అయిదుసార్లు గుణించాలి: దాదాపు 5.25 కోట్ల దారులు. 5 ఎత్తుల మేట్‌కి తొమ్మిది ప్లైలు: దాదాపు 79 లక్షల కోట్లు. దీంతో అందరికీ తట్టే చిట్కా ఒకటి ఉంది. దాడి చేసే వైపు చెక్‌లు మాత్రమే వెతకడం. పై పొజిషన్‌లో 34 కాస్తా 7 అవుతుంది. నల్ల జవాబులు కూడా బాగా తగ్గిపోతాయి. వేగం చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఆ ఆశని వమ్ము చెయ్యడానికి సామ్ లాయిడ్ కూర్చగా 1861లో అచ్చయిన ‘ఎక్సెల్సియర్’ అనే చెస్ సమస్య చాలు. తెల్ల ఆడి 5 ఎత్తుల్లో మేట్.

తెల్ల: రాజు హెచ్5, ఏనుగులు బి5, ఈ2, గుర్రాలు ఏ1, హెచ్3, బంట్లు బి2, సి2, జి3.
నల్ల: రాజు హెచ్1, ఏనుగు సి8, శకటు డి8, గుర్రం ఏ8, బంట్లు బి7, ఎఫ్7, హెచ్7, బి6, ఏ3, ఈ3.

తొలి ఎత్తు బి2 బంటు బి4కి. చెక్ లేదు, కొట్టింది లేదు. నల్ల ఏనుగు సి5లో చెక్ ఇస్తే ఆ బంటే దాన్ని కొడుతుంది. తర్వాత సి6, తర్వాత బి7 బంటుని కొట్టడం, చివరికి ఏ8లో గుర్రాన్ని కొట్టి మంత్రిగా మారి మేట్. బోర్డు మీద మేట్ చేసే అవకాశం అన్నిటికంటే తక్కువగా కనిపించే బంటు అదే. ముఖ్య దారి అంతటిలో తెల్ల ఇచ్చే చెక్ చివరిదొక్కటే. చెక్‌లకే పరిమితమైన సెర్చ్ దీన్ని చూసి ‘మేట్ లేదు’ అంది.

చిట్కాని పారెయ్యలేదు, దాని మాటకి అర్థం మార్చాను. చెక్ మోడ్ ‘ఉంది’ అంటే ఉన్నట్టే, ఎందుకంటే నల్ల ఎత్తుల్లో ఒక్కటీ వదల్లేదు. ‘లేదు’ అంటే ఏమీ చెప్పనట్టే. ప్రోగ్రాం ఇప్పుడు ‘లేదు’ బదులు ‘తెలియదు’ అని ముద్రిస్తుంది.

సరి: 7. బాకీ: 1 (ఎక్సెల్సియర్).

దశ 5: ఉందని చూపడం ఒకటి, త్వరగా లేదని చూపడం ఇంకొకటి

ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ సమయం కాగితం మీద గడిచింది ఇక్కడే, గడపడం తగినదే.

‘సరిగ్గా 3 ఎత్తుల్లో మేట్’ అన్న మాటలో రెండు వాదనలున్నాయి. ఒకటి, 3లో మేట్ ఉంది. రెండు, 2లో లేదు. మొదటిది చూపాలంటే తెల్లకి ఒక్కో చోట ఒక్క మంచి ఎత్తు చాలు, నల్లవి మాత్రం అన్నీ చూడాలి. నల్లకి వంతు రెండుసార్లు వస్తుంది. 35 చొప్పున 35×35 = 1,225 దారులు. రెండోది చూపాలంటే తెల్లవి అన్నీ చూడాలి, నల్లకి ఒక్కో మంచి కాపు చాలు. 2 ఎత్తుల్లో తెల్ల వంతులు రెండు. మళ్లీ 1,225. ఎత్తుల క్రమం ఆదర్శంగా ఉంటే ఖర్చు రెండింటికీ ఒకటే అన్నమాట.

నిజం ఆటలో ఈ సమానత్వం నిలవదు. తెల్ల చెక్ ఇస్తూ పోతే నల్లకి ఒక్కోసారి ఒకటో రెండో జవాబులే ఉంటాయి, కాబట్టి ‘ఉంది’ అన్న నిరూపణ కుంచించుకుపోతుంది. మన పొజిషన్‌లో రెండాకులే మిగిలాయి. ‘త్వరగా లేదు’ అన్న నిరూపణకి ఆ సౌకర్యం లేదు. 34 తొలి ఎత్తుల్లో ప్రతిదానికీ నల్ల తప్పించుకునే దారి చూపి తీరాలి. అందులో చెక్ కాని 27 ఎత్తులూ ఉన్నాయి.

ఇంజిన్ అంకె 9, 7, 6 అని దిగడానికి కారణం ఇదే. చెక్‌ల దారిలో పొడవైన మేట్ చవగ్గా దొరుకుతుంది. దానికంటే పొట్టిది తరచూ ఒక మౌనమైన ఎత్తు (చెక్ ఇవ్వనిది, దేన్నీ కొట్టనిది) వెనక దాగి ఉంటుంది, దాన్ని తవ్వడం ఖరీదు. ‘మేట్ 9’ తప్పు కాదు. ‘9 లేదా అంతకంటే తక్కువ’ అని చదువుకోవాలి.

ఒకటి నుంచి లోతు పెంచుకుంటూ వెళ్లే నా సాల్వర్‌లో రెండో నిరూపణ దానంతటదే జరిగిపోతుంది, 5 అనేముందు 4లో లేదని తేలి ఉంటుంది కాబట్టి. ఎక్సెల్సియర్ మీద పూర్తి సెర్చ్ వదిలాను. తెల్ల ఒక ఎత్తుని ఏ నల్ల జవాబు చెడగొట్టిందో గుర్తుపెట్టుకుని, పక్క ఎత్తుకి కూడా ముందు ఆ జవాబునే ప్రయత్నించేలా క్రమం మార్చాకే అది పూర్తయింది. పైథాన్‌తో దీనికి ఓపిక కావాలి. జవాబు 5, తొలి ఎత్తు బి4.

సరి: 8. బాకీ: 0.

దశ 6: స్టాక్‌ఫిష్‌తో పోలిక

మొదటి అడ్డంకి కొలతలు నిలకడగా రాకపోవడం. ఎక్కువ థ్రెడ్‌లు పెడితే ఒకే పొజిషన్‌కి ఒక్కో పరుగులో ఒక్కో దారి వస్తుంది. పోలిక కోసం థ్రెడ్ ఒకటి, ప్రతి పొజిషన్‌కీ ముందు హ్యాష్ (ఇంజిన్ ఫలితాలు దాచుకునే పట్టిక) ఖాళీ, సమయానికి బదులు నోడ్‌ల, అంటే చూసే పొజిషన్ల, పరిమితి. ఈ మూడూ పెట్టాకే పట్టికలో అంకెలు కదలకుండా నిలిచాయి.

రెండోది, ‘గో మేట్ 3’ ఆదేశం. 3 ఎత్తుల్లో మేట్ దొరికితే ఇంజిన్ ఆగుతుంది. దొరక్కపోతే ఆపమనేదాకా వెతుకుతూనే ఉంటుంది. మేట్ లేని పొజిషన్ దగ్గర స్క్రిప్టు అలాగే వేలాడిపోయింది. నోడ్‌ల పరిమితిని కూడా అదే ఆదేశంలో జోడించాలి. పరిమితి అయిపోయి ఆగితే అది ‘లేదు’ కాదు, ‘తెలియదు’.

మూడోది మరింత కనిపించని చిక్కు. ఇంజిన్ వెతుకుతున్నంతసేపూ పంపే వరసల్లో కొన్నిటికి ‘లోయర్‌బౌండ్’, ‘అప్పర్‌బౌండ్’ అన్న ముద్ర ఉంటుంది. ‘మేట్ 9, అప్పర్‌బౌండ్’ అంటే స్కోరు అంతకు మించదని మాత్రమే, మేట్ ఉందని కాదు. స్క్రిప్టు ఈ ముద్రని చూడకుండా అంకె ఒక్కటే తీసుకుంటే పట్టికలో లేని మేట్లు చేరతాయి. ముద్ర ఉన్న వరసలన్నీ వదిలేసేలా మార్చాను.

ఇక ఇంజిన్ ఎందుకు ఆలస్యంగా చూస్తుందంటే, అది మేట్ వెతికే యంత్రం కాదు, ఆట గెలిచే యంత్రం. వరసలో వెనకబడ్డ ఎత్తులను తక్కువ లోతుతో సరిపెడుతుంది. ‘వంతు వదిలేసినా బాగానే ఉందా’ అని చూసి కొమ్మలు కొట్టేస్తుంది. మౌనమైన ఎత్తులకు దెబ్బ తగిలేది ఇక్కడే. అయినా అది మేట్ అన్నప్పుడు ఆ మాటకి విలువ ఉంది. వంతు వదిలే పరీక్షలో వచ్చిన మేట్ స్కోరుని స్టాక్‌ఫిష్ నిరూపణగా తీసుకోదు. కాచుకునే వైపుకి ఓటమి తప్ప మరేదీ ఇంకా కనిపించకపోతే, మిగిలిన ఎత్తులను ఊరికే వదిలెయ్యదు. అంటే కత్తిరింపులు ‘త్వరగా ఉందా’ అన్న ప్రశ్నని దెబ్బతీస్తాయి, ‘ఉందా’ అన్నదాన్ని దాదాపు తాకవు.

‘దాదాపు’ అన్న మాట ఉండనివ్వడం ఇష్టంలేక చిన్న తనిఖీ స్క్రిప్టు రాశాను:

1. ఇంజిన్ చెప్పిన ఎత్తు వెయ్యాలి.
2. కాచుకునే వైపు చెల్లే జవాబులన్నీ తియ్యాలి.
3. ప్రతి జవాబు తర్వాతా ‘ఒకటి తగ్గించిన ఎత్తుల్లో మేట్ ఉందా’ అని మళ్లీ ఇంజిన్నే అడగాలి.
4. ప్రతి కొమ్మా లైబ్రరీ మేట్ అని ఒప్పుకునే చోటే ముగియాలి.

ఇంజిన్ చూపించే ఒక్క లైను నిరూపణ కాదు, అది ఒక కాపుకి జవాబు మాత్రమే. కొన్నిసార్లు ఆ లైను మేట్ దాకా వెళ్లకుండానే తెగిపోతుంది కూడా. చెట్టంతా నడిచాకే ఖాతాలో వేస్తున్నాను.

సరి: 8. బాకీ: 0.

దశ 7: ప్రూఫ్-నంబర్ సెర్చ్

1994 ప్రాంతంలో విక్టర్ ఆలిస్, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి. ప్రతి నోడ్‌లో రెండు అంకెలుంటాయి: నిరూపించడానికి కనీసం ఎన్ని ఆకులు తేలాలి, కాదనడానికి ఎన్ని తేలాలి. దాడి వైపు నోడ్‌లో మొదటిదానికి పిల్లల్లో (ఒక్క ఎత్తు తర్వాత వచ్చే నోడ్‌లలో) కనిష్ఠం, రెండోదానికి మొత్తం. కాపు వైపు నోడ్‌లో తారుమారు. జవాబులు తక్కువగా ఉన్న సందుల వెంట అది దానంతటదే లోతుగా దిగుతుంది.

పొడవైన చెక్ వరసల్లో నా ముడి సెర్చ్ దీనితో పోటీ పడలేదు. కానీ ఇది ఇచ్చే మేట్ అతి పొట్టిది కావాలని లేదు. లోతుకి గరిష్ఠ హద్దు పెట్టి, దాన్ని ఒక్కొక్కటే దించుతూ నడిపితే పొట్టిది దొరుకుతుంది. అలా దించినప్పుడల్లా 5వ దశ ఖరీదు చెల్లించక తప్పదు.

దశ 8: చివరి నుంచి వెనక్కి

బలగం కొద్దిగా ఉన్నప్పుడు వెతకడం మానేసి మొత్తం పొజిషన్లను పట్టిక వెయ్యొచ్చు. రాజు, ఏనుగు ఒకవైపు, ఒంటరి రాజు మరోవైపు. ఇద్దరు రాజులు ఒకరికొకరు తగలకుండా నిలబడే విధాలు 64×63 − 420 = 3,612. ఏనుగుకి మిగిలిన గడులు 62. నల్ల వంతు పొజిషన్లు 2,23,944.

1. నల్ల వంతులో మేట్ అయిన పొజిషన్లన్నిటికీ 0.
2. వాటికి దారితీసే తెల్ల వంతు పొజిషన్లకి 1 ప్లై.
3. చెల్లే ఎత్తులన్నీ గుర్తుపడ్డ పొజిషన్లకే వెళ్లే నల్ల వంతు పొజిషన్లకి 2. కనీసం ఒక్క ఎత్తు ఉండాలి, 2వ దశ గొయ్యి ఇక్కడా ఉంది.
4. కొత్తవి చేరడం ఆగేదాకా ఇదే.

మొదటి మెట్టులోనే తేడా వచ్చింది. ఎత్తులు పుట్టించే జనరేటర్ 96 మేట్లు అంది, అన్నీ మూలల్లోనే.

కాగితం మీద లెక్క: రాజు మూలలో కాకుండా అంచున ఉంటే (24 గడులు), తెల్ల రాజు సరిగ్గా ఎదురుగా ఒక గడి వదిలి ఉండాలి. ఏనుగు అదే అంచున, రాజుకి తగలకుండా 5 గడుల్లో ఉండొచ్చు. 24×5 = 120. మూలలో ఉంటే తెల్ల రాజుకి 4 చోట్లు, ఒక్కోదానికి ఏనుగుకి 6 గడులు, మూలలు నాలుగు: 4×6×4 = 96. మొత్తం 216.

అంచు మేట్లు 120 పూర్తిగా మాయమయ్యాయి. రాజు ఒక గడికి వెళ్లొచ్చా అని చూసేటప్పుడు రాజుని పాత గడిలోనే ఉంచి దాడి లెక్కిస్తోంది కోడ్. ఏనుగు చూపు రాజు దగ్గర ఆగిపోతోంది, రాజు వెనక గడి భద్రమని తేలుతోంది. ఏనుగుకి దూరంగా జరిగి రాజు ‘తప్పించుకుంటున్నాడు’. మూలలో అయితే రాజు వెనక గడే లేదు, అందుకే ఆ 96 బతికాయి. దాడి లెక్కించే ముందు రాజుని బోర్డు మీంచి ఎత్తెయ్యాలి. మార్చాక 216.

చివరిదాకా నడిపితే అతి పొడవైన మేట్ 16 ఎత్తులు. ఏనుగు బదులు మంత్రిని పెడితే 10. రెండూ తెలిసిన విలువలే.

సరి: 11. బాకీ: 0.

దశ 9: పట్టికలున్నా తికమక పోదు

మాస్కోలో లొమొనోసోవ్ సూపర్‌కంప్యూటర్ మీద 2012లో సిద్ధమైన ఏడు పావుల పట్టికల్లో 549 ఎత్తుల మేట్ ఉంది. అక్కడ మేట్ దూరం లెక్కిస్తారు, 50 ఎత్తుల నియమాన్ని (అన్ని ఎత్తులపాటు ఏదీ కొట్టకుండా, బంటు కదలకుండా ఉంటే డ్రా అడగొచ్చు) పట్టించుకోరు. ఇప్పుడు ఇంజిన్లు ఎక్కువగా వాడే సిజీజీ పట్టికల్లో (రొనాల్డ్ డి మాన్, 2013) గెలుపు, డ్రా, ఓటమి, ఆ 50 లెక్క మళ్లీ సున్నాకి రావడానికి ఉన్న దూరం మాత్రమే ఉంటాయి. మేట్ ఎన్ని ఎత్తులో ఉండదు. సిజీజీ తగిలించిన స్టాక్‌ఫిష్ గెలుపు ఖాయమైన పొజిషన్‌కి మేట్ అంకె కాకుండా 200 బంట్లకు దగ్గరగా స్కోరు చూపిస్తే అది పాడైపోలేదు. తనిఖీ స్క్రిప్టు నడిపేటప్పుడు పట్టికలు తీసేసి నడపండి, లేకపోతే కొమ్మలు మేట్ దాకా వెళ్లకుండా మధ్యలోనే ‘గెలుపు’ దగ్గర ఆగుతాయి.

ఆఖరుగా శకటు, గుర్రం, రాజు, ఎదుట ఒంటరి రాజు. నాలుగు పావులు, 64ని నాలుగుసార్లు గుణిస్తే ఒక్కో వంతుకి 1,67,77,216 గడులు. ప్లై దూరం ఒక్క బైటులో పడుతుంది, కాబట్టి రెండు వంతులకీ కలిపి 3,35,54,432 బైట్లు. మామూలు పైథాన్ జాబితాలో పెడితే మెమరీ చాలలేదు, ఒక్కో అంకెకి ఒక్క బైటే వాడే బైట్‌అర్రేలోకి మార్చాను. అతి పొడవైన మేట్ 33 ఎత్తులు రావాలి, వచ్చింది. శకటు రంగుకి తగని మూలలో పడే మేట్లను ఇంకా చేత్తో లెక్కపెట్టలేదు.

సరి: 12. బాకీ: 1.